డిజైర్, అమేజ్, ఆరా లాంటి చిన్న సెడాన్‌కి ఇంజిన్ ఆయిల్: 3 లీటర్ల డబ్బానా, 3.5 ఆ, 4 ఆ?

ఆయిల్ మార్చే టైమ్ వచ్చిందంటే బ్రాండ్ సంగతి ఎలాగోలా తేలిపోతుంది, గ్రేడ్ కూడా పాత బిల్లు చూసి చెప్పేస్తాం, కానీ ఎంత కొనాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. షాపతను "అన్నా, నాలుగు తీసుకో, సేఫ్" అంటాడు, మెకానిక్ ఫోన్‌లో "మూడున్నర తెచ్చేయండి సార్" అంటాడు, మాన్యువల్‌లో చూస్తే 3.1 అనో 3.6 అనో ఇంకేదో ఉంటుంది. ఏది నమ్మాలి?

సూటిగా చెప్పాలంటే మన దగ్గర నాలుగు మీటర్ల లోపు సెడాన్లకి, అంటే 1.2 పెట్రోల్ ఇంజిన్ ఉన్నవాటికి, ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి మారిస్తే 3 నుంచి 3.6 లీటర్ల మధ్యలోనే పడుతుంది. నిండా నాలుగు లీటర్లు పట్టేవి తక్కువ. అయినా షాపుల్లో నాలుగు లీటర్ల డబ్బా బాగా అమ్ముడుపోతుంది, సమస్య అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే డబ్బు పెట్టి కొన్నాం కదా మిగిల్చడం ఎందుకు అని మొత్తం పోసేయించుకునేవాళ్లు చాలామంది. ఆయిల్ తక్కువైతే ఇంజిన్ పోతుందని అందరికీ తెలుసు, ఎక్కువైనా పాడవుతుందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

అందుకే నా మాట ముందే చెప్పేస్తా: మాన్యువల్‌లో రాసిన లెక్కకి 100, 150 మి.లీ. తక్కువ ఉన్న డబ్బా దొరికితే అదే మీకు సరైన డబ్బా, ఆయిల్ తాగే ఇంజిన్ (అంటే ఆయిల్ లోపల మండిపోయి లెవల్ తగ్గిపోయేది) అయితే తప్ప. ఎందుకో కింద చూద్దాం.

డబ్బా ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది మాన్యువల్‌లో ఏ నంబర్ చూస్తున్నారు అనేది. కొన్ని మాన్యువల్స్‌లో రెండు మూడు నంబర్లు ఉంటాయి: ఫిల్టర్ మార్చకుండా ఎంత, ఫిల్టర్ మారిస్తే ఎంత, కొన్నిట్లో ఇంజిన్ మొత్తం విప్పి పొడిగా ఉన్నప్పుడు ఎంత. మామూలు సర్వీస్‌కి మనకి కావల్సింది ఫిల్టర్‌తో కలిపి మార్చినప్పటి లెక్క. పొడి ఇంజిన్ లెక్క చూసి పోశారంటే ఎక్కువైపోతుంది, ఎందుకంటే కింద బోల్ట్ తీసి ఎంతసేపు కార్చినా పైన హెడ్‌లో, ఆయిల్ దారుల్లో కొంత పాత ఆయిల్ ఉండిపోతుంది, అది రాదు. ఫిల్టర్ ఒక్కటే చిన్న కార్లలో 200 మి.లీ. వరకు పట్టుకుంటుంది, కాబట్టి ఈసారి ఫిల్టర్ మార్చట్లేదంటే ఆ మేరకి తగ్గించాలి (అసలు మార్చకుండా వదిలేయకండి, ఆయిల్ ఖరీదులో అది ఏ మూలకి).

రెండోది గేజ్. అదే డిప్‌స్టిక్, ఆయిల్ లెవల్ చూసే కడ్డీ. దాని మీద కింద గీత, పై గీత ఉంటాయి కదా, ఆ రెండిటి మధ్య తేడా చాలా కార్లలో లీటరు దాకా, కొన్నిట్లో కాస్త తక్కువ. అంటే 100 మి.లీ. తక్కువ పోస్తే లెవల్ పై గీతకి కొంచెం కింద ఆగుతుంది, అది పూర్తిగా సేఫ్ జోన్. అదే 400 మి.లీ. ఎక్కువ పోస్తే పై గీత దాటి బాగా పైకి వెళ్తుంది, అక్కడ సేఫ్ జోన్ అంటూ ఏమీ లేదు. కాస్త తక్కువైతే ఓర్చుకుంటుంది, ఎక్కువైతే ఓర్చుకోదు.

మూడోది మీ ఇంజిన్ ఆయిల్ తాగుతోందా లేదా. నాలుగోది లీటర్ లెక్కన ధర, డబ్బా సీల్. ఒక లీటర్ డబ్బాలు విడిగా కొంటే లీటర్ రేటు ఎక్కువే పడుతుంది. ఇంకోటి, ఆయిల్ పల్చగా ఉందా చిక్కగా ఉందా అనేదాన్ని బట్టి ఎంత పోయాలి అనేది మారదు. 0డబ్ల్యూ-20 గ్రేడ్ పోసినా 5డబ్ల్యూ-30 పోసినా అదే 3.1, అదే 3.6. "పల్చటి ఆయిల్ కదా, ఇంకో పావు లీటర్ ఎక్కువ పోద్దాం" అనే మాట వినకండి.

ఏ కారుకి ఎంత, ఏ డబ్బా

| కారు, ఇంజిన్ | ఫిల్టర్‌తో కలిపి | నేనైతే కొనేది |
|---|---|---|
| డిజైర్ 1.2 పెట్రోల్, పాత నాలుగు సిలిండర్ల కె సిరీస్ | 3.1 లీటర్ల దగ్గర | 3 లీటర్లు |
| అమేజ్ 1.2, ఎక్సెంట్/ఆరా 1.2 పెట్రోల్ | 3.5కి అటూ ఇటూ | 3.5 లీటర్లు |
| హోండా సిటీ 1.5 ఐ-వీటెక్ (2008-13 మోడల్) | 3.6 లీటర్లు | 3.5 లీటర్లు |
| వెర్నా 1.6 సీఆర్‌డీఐ డీజిల్ | 5.3 లీటర్లు | 5 లీటర్లు + 1 లీటర్ |
| అమెరికాలో కరోలా 1.8 (2009-18) | 4.2 లీటర్లు, వాళ్ల లెక్కలో 4.4 క్వార్టులు | 5 క్వార్టుల జగ్ |

సిటీ, వెర్నా, కరోలా కాస్త పెద్ద కార్లే, కానీ పోల్చి చూస్తే తేడా అర్థమవుతుందని పెట్టాను. బయటికి రెండూ సెడాన్లే, కానీ వెర్నా డీజిల్‌కి పట్టే ఆయిల్ డిజైర్ పెట్రోల్‌కి పట్టేదానికంటే రెండు లీటర్లు ఎక్కువ. కారు సైజు చూసి ఆయిల్ లెక్క వేయడం కుదరదు, ఇంజిన్ చూసి వేయాలి. పేరు చూసి కూడా వేయలేం: 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త డిజైర్‌లో ఉన్నది మూడు సిలిండర్ల జెడ్ సిరీస్ ఇంజిన్, పాత డిజైర్ లెక్క దానికి వర్తించదు. టేబుల్ చూసి డబ్బా కొనేయకుండా మీ ఇయర్, మీ ఇంజిన్‌కి మాన్యువల్‌లో ఏముందో ఒక్కసారి చూసుకోండి. మాన్యువల్ పోయినా కంపెనీ సైట్లలో పీడీఎఫ్ దొరుకుతుంది.

3 లీటర్ల డబ్బా

3.1 లీటర్లు పట్టే ఇంజిన్‌కి ఇంతకంటే మంచిది లేదు. మొత్తం పోసేయొచ్చు, మిగలదు, ఎక్కువయ్యే ప్రమాదం లేదు, లెవల్ పై గీతకి కాస్త కింద నిలబడుతుంది. మెకానిక్ షెడ్‌లో మీరు పక్కన లేకపోయినా పర్లేదు, ఉన్నదంతా పోసినా తప్పు జరగదు, ఇది చాలా పెద్ద ప్లస్ పాయింట్.

ఇబ్బంది ఏంటంటే ప్రతి బ్రాండ్, ప్రతి గ్రేడ్ 3 లీటర్లలో దొరకదు, 0డబ్ల్యూ-20 లాంటి ఫుల్ సింథటిక్ అయితే 3.5 లేదా 4 మాత్రమే ఉంటుంది కొన్ని షాపుల్లో. దొరకనప్పుడు 3.5 తీసుకుని మిగిల్చుకోవడమే. మీ ఇంజిన్‌కి 3.6 పడితే మాత్రం 3 లీటర్లు చాలదు, కింద గీతకి దగ్గరికి వచ్చేస్తుంది, ఇంకో లీటర్ డబ్బా కొనాల్సిందే, అప్పుడు ఖర్చు 4 లీటర్ల డబ్బాని దాటిపోతుంది.

3.5 లీటర్ల డబ్బా

మన మార్కెట్‌లో చిన్న కార్ల కోసమే వచ్చిన సైజు ఇది, కాస్ట్రాల్, షెల్, మొబిల్ లాంటివన్నీ ఇందులో ఇస్తున్నాయి. 3.5 చుట్టుపక్కల పట్టే ఇంజిన్లకి, 3.6 పట్టే వాటికి కూడా, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

జాగ్రత్త పడాల్సింది 3.1 ఇంజిన్ ఉన్నవాళ్లే. 3.5 డబ్బా మొత్తం అందులో బోర్లించేస్తే 400 మి.లీ. ఎక్కువ. షెడ్‌లో జరిగేది చాలావరకు ఇదే, ఎవరి తప్పూ అని కాదు, డబ్బా ఓపెన్ చేస్తే ఖాళీ అయ్యేదాకా పోయడం చేతికి అలవాటైపోయి ఉంటుంది. కాబట్టి ముందే చెప్పండి, "అన్నా, మూడే పొయ్యి, మిగిలింది డిక్కీలో పెట్టు" అని. డబ్బా పక్కన గీతలు ఉంటాయి, వాటిని చూస్తూ పోయొచ్చు.

4 లీటర్ల డబ్బా

లీటర్ లెక్కన చూస్తే తరచూ ఇదే చవక. ఆయిల్ తాగే పాత ఇంజిన్ ఉన్నవాళ్లకి, బాగా తిప్పేవాళ్లకి, ఇంట్లో రెండు కార్లకి ఒకే గ్రేడ్ వాడేవాళ్లకి ఇదే కరెక్ట్: మిగిలిన అర లీటరో, 900 మి.లీ.నో టాప్‌అప్‌కి ఉంటుంది, హైవే మీద అర్ధరాత్రి ఏదో ఒక ఆయిల్ కొని కలపాల్సిన పని రాదు. మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట, దుమ్ము పడకుండా పెట్టి తర్వాతి సర్వీస్ లోపు వాడేసుకుంటే చాలు.

మిగతావాళ్లకి ఈ సైజు నేను చెప్పను. ఇంజిన్ ఆయిల్ తాగట్లేదంటే ఆ మిగిలింది అటకెక్కుతుంది, లేదంటే ఇంజిన్‌లోకి పోతుంది. రెండోది జరిగితే 3.1 ఇంజిన్‌లో 900 మి.లీ. ఎక్కువ, అది చిన్న విషయం కాదు.

ఎక్కువ పోస్తే ఏమవుతుంది

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "ఎక్కువుంటే మంచిదేగా" అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ ఉంటుంది, దాని పైన కొంచెం ఎత్తులో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, తిరుగుతూ ఉంటుంది. మామూలు లెవల్‌లో క్రాంక్ ఆయిల్‌ని తాకదు. లెవల్ పెరిగితే నిమిషానికి రెండు మూడు వేల సార్లు తిరిగే ఆ క్రాంక్ ఆయిల్‌ని కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ వస్తుంది. పంపు ఆ నురగని లాగితే ఆయిల్‌తో పాటు గాలి వెళ్తుంది, ప్రెషర్ పడిపోతుంది, బేరింగ్‌ల మీద ఉండాల్సిన పొర ఉండదు, ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లు ఉన్న ఇంజిన్లలో టకటకమని శబ్దం వస్తుంది. అంటే ఎక్కువ ఆయిల్ పోసి తక్కువ ఆయిల్ ఉన్నప్పటి నష్టమే తెచ్చుకుంటున్నాం.

అక్కడితో ఆగదు. చాంబర్‌లోంచి వచ్చే ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పైపు ఉంటుంది, దాని గుండా ఆయిల్ కూడా పోయి మండుతుంది, నీలం పొగ వస్తుంది, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మెల్లగా పాడవుతుంది. అది మార్చాలంటే ఎన్నో సర్వీసుల ఆయిల్ ఖర్చు కంటే ఎక్కువ అవుతుంది.

50, 100 మి.లీ. ఎక్కువైందని కంగారు పడక్కర్లేదు, పై గీతని ఓ పిసరు దాటితే ఏం కాదు. కానీ గీత దాటి స్పష్టంగా పైకి కనిపిస్తుంటే మాత్రం తీయించేయండి, డ్రైన్ బోల్ట్ కొంచెం వదులు చేసి కార్చొచ్చు, లేదా గేజ్ గొట్టంలోంచి సన్నటి పైపుతో లాగేయొచ్చు. ఐదు పది నిమిషాల పని, ఏ మెకానిక్ అయినా చేస్తాడు, మొహమాట పడకండి.

తక్కువైతే సంగతి కూడా ఒక్క ముక్క. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రటి ఆయిల్ లైట్ చెప్పేది ఎంత ఆయిల్ ఉందని కాదు, ప్రెషర్ పడిపోయిందని. అది వెలిగేసరికి ఆలస్యం అయిపోయి ఉండొచ్చు. వెలిగితే వెంటనే పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేయాలి, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా ఇల్లు" అని పోనిచ్చారంటే ఇంజిన్ సీజ్ అయ్యే అవకాశం ఉంది. తిరుమల ఘాట్, శ్రీశైలం ఘాట్ లాంటి చోట్ల లెవల్ కింద గీత దగ్గర ఉందంటే ఇంకా రిస్క్, వాలులో, మలుపుల్లో ఉన్న కాస్త ఆయిల్ ఒక పక్కకి జరిగిపోయి పంపుకి అందదు. ఘాట్ ఎక్కే ముందు గేజ్ తీసి చూసుకోవడం మంచి అలవాటు, బండి చదునుగా ఉన్న చోటే చూడాలి.

సర్వీస్ సెంటర్‌లో పోయించుకోవడం

ఇది నాలుగో దారి. చాలా చోట్ల డ్రమ్ములోంచి గన్‌తో కొలిచి పోస్తారు, 3.1 అంటే 3.1 పడుతుంది, బిల్లు కూడా ఆ లెక్కనే. డబ్బా గొడవే లేదు, నకిలీ ఆయిల్ భయం తక్కువ, వారంటీలో ఉన్న కారుకి రికార్డ్ ఉంటుంది. వారంటీ ఉన్నంతకాలం ఇదే చేయండి అని చెప్తాను, ఇందులో రెండో ఆలోచన లేదు.

చూసుకోవాల్సింది బిల్లు. ఇంజిన్‌కి 3.1 పట్టి బిల్లులో 3.5 ఉందంటే, డబ్బా లెక్కన వేశారేమో అడగండి, డబ్బా లెక్క అయితే మిగిలింది మీదే, ఇమ్మని అడగొచ్చు. కారు చేతికి ఇచ్చేముందు గేజ్ మీరే తీసి చూడండి.

మీరు ఎలా తిప్పుతారు అన్నదాన్ని బట్టి

రోజూ ఇల్లు, ఆఫీస్, అంతే తిరిగే పెట్రోల్ కారు, పది పన్నెండు వేల కిలోమీటర్లు ఏడాదికి, ఇంజిన్ బాగుంది: 3 లేదా 3.5, మాన్యువల్ లెక్కకి దగ్గరగా కొంచెం తక్కువ ఉన్నది. మారుతి, హోండా, హ్యుందాయ్ పెట్రోల్ కార్లకి ఆయిల్ మార్చాల్సింది 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందు వస్తే అప్పుడు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటలు గంటలు ఐడిల్‌లో నిలబడే కారు అయితే కిలోమీటర్లు తక్కువ కనిపిస్తున్నా ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఏడాది దాటనివ్వకండి.

నెలకి రెండుసార్లు తీసే కారు ఉన్నవాళ్లు కిలోమీటర్లు చూసుకుని ఆగుతారు, ఆగకండి, ఏడాదికి మార్చేయండి. చిన్న చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, నీటి ఆవిరి, పెట్రోల్ ఆయిల్‌లో కలిసి అలాగే ఉండిపోతాయి.

క్యాబ్ తిప్పేవాళ్లు: 4 లీటర్లు కొనండి, మిగిలింది డిక్కీలో ఉంచుకోండి. రెండు మూడు నెలల్లోనే సర్వీస్ వచ్చేస్తుంది కాబట్టి మిగిలింది పాతబడే ప్రసక్తే లేదు. వారానికోసారి గేజ్ చూడండి, పొద్దున్నే బండి తీయకముందు అయితే ఇంకా మంచిది.

లక్ష దాటిన పాత కారు, ఆయిల్ తాగుతోందని అనుమానం ఉంది అంటే ముందు కొలవండి. పై గీత దాకా పోసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పి, అదే చోట ఆపి చూడండి. ఎంత పోస్తే మళ్లీ పై గీతకి వచ్చిందో అదే లెక్క. ఫోక్స్‌వ్యాగన్ తన మాన్యువల్స్‌లో 1,000 కి.మీ.కి అర లీటరు దాకా ఉండొచ్చని రాస్తుంది, టొయోటా లీటరు దాకా అంటుంది, కానీ అవి కంపెనీ పెట్టుకున్న గరిష్ఠ హద్దులు. బాగున్న చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి సర్వీస్ నుంచి సర్వీస్‌కి గేజ్ పెద్దగా కదలకూడదు. తాగే ఇంజిన్‌కి 4 లీటర్లు, పైగా ఇంకో లీటర్ రెడీగా. ఇలాంటప్పుడు ఎలాగూ తాగుతుంది కదా అని ముందే ఎక్కువ పోసి పెట్టడం మాత్రం తప్పు, కొంచెం కొంచెం టాప్‌అప్ చేయడమే దారి.

బీఎస్6 డీజిల్ ఉన్నవాళ్లకి తేడా కేసు. డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్) పట్టిన మసిని కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, సిటీలోనే తిరిగే కార్లలో లెవల్ తగ్గడం పోయి పెరగడం మొదలవుతుంది. గేజ్ మీద ఆయిల్ పెరుగుతోందంటే సంతోషించేది కాదు, పల్చబడుతోందని అర్థం, సర్వీస్ దాకా ఆగకుండా చూపించండి.

అమెరికాలో ఉండి కరోలా వాడే మనవాళ్లకి: అక్కడ 5 క్వార్టుల జగ్ అంటే 4.73 లీటర్లు, మీ 1.8 ఇంజిన్‌కి కావల్సింది 4.2. జగ్ ఖాళీ చేస్తే అర లీటరు ఎక్కువ. జగ్ పక్కన గీతలున్న సన్నటి కిటికీ ఉంటుంది, దాన్ని చూస్తూ పోసి మిగిలింది దాచుకోండి. విడిగా క్వార్టు సీసాలు కొనడం కంటే జగ్ చాలా చవక కాబట్టి మిగిలినా నష్టం లేదు.

గ్రేడ్ గురించి కొంచెం

ఆయిల్ పోసే చోటి క్యాప్ మీద, మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అది. డబ్ల్యూకి ముందున్న నంబర్ చలి కోసం: 0 అంటే మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5 అంటే మైనస్ 30, 10 అంటే మైనస్ 25 దగ్గర టెస్ట్ చేస్తారు, మన లంబసింగి చలి వీటి ముందు లెక్కలోకే రాదు. రెండో నంబర్ వేడి మీద చిక్కదనం. "రామగుండం ఎండలకి 20 ఏం ఆగుతుంది, 20డబ్ల్యూ-50 పోద్దాం" అనేవాళ్లు ఉంటారు, కానీ ఇంజిన్ లోపల ఆయిల్ వేడి ఎప్పుడూ వంద డిగ్రీల అటూ ఇటూనే, బయట 35 ఉన్నా 45 ఉన్నా రేడియేటర్ దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. 0డబ్ల్యూ-20 కోసం చేసిన ఇంజిన్‌లో సందులు దానికి తగ్గట్టే ఉంటాయి. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉంటే 2020లో వచ్చిన స్టాండర్డ్, పెట్రోల్ కార్లకి అది చూసి తీసుకోండి.

పోసేటప్పుడు

డబ్బా ఏదైనా సరే పద్ధతి ఒకటే. మాన్యువల్ లెక్కకి 300 మి.లీ. తక్కువ దాకా పోయండి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచండి, ఫిల్టర్ నిండుతుంది. ఆఫ్ చేసి ఐదు పది నిమిషాలు ఆగండి, పైన ఉన్నది కిందకి దిగాలి. గేజ్ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి పెట్టి తీసి చూడండి. అక్కణ్ణుంచి వంద వంద మి.లీ. చొప్పున పోసుకుంటూ, పై గీతకి కాస్త కింద ఉండగానే ఆపేయండి. ఆఫ్ చేసిన వెంటనే చూస్తే లెవల్ తక్కువ చూపిస్తుంది, అది నమ్మి ఇంకాస్త పోసేయడం వల్లే చాలా కార్లలో ఎక్కువైపోతోంది.

పాత ఆయిల్ డ్రైనేజీలో పోయకండి, అది ప్రమాదకర వ్యర్థాల కిందకి వస్తుంది, షెడ్‌లో డ్రమ్ము ఉంటుంది, అందులో పోస్తే రీసైక్లింగ్‌కి వెళ్తుంది. ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో రెండు చిల్లులు పెట్టి పడేయండి, బ్రాండెడ్ ఖాళీ డబ్బాలు కొనుక్కెళ్లి నకిలీ ఆయిల్ నింపేవాళ్లకి అది పనికి రాకుండా పోతుంది.